42,000 కిలోమీటర్లకే కారు బ్రేక్ ప్యాడ్లు, డిస్కులు మార్చాలంటున్నారు: నిజంగా అవసరమా?

మియాపూర్_వాసి:

సభ్యులందరికీ నమస్కారం. నా దగ్గర 2020లో కొన్న పెట్రోలు హ్యాచ్‌బ్యాక్ ఉంది. మాన్యువల్ గేర్లు, ముందు చక్రాలకు డిస్కు బ్రేకులు (చక్రంతో తిరిగే డిస్కును రెండు వైపులా ప్యాడ్లు నొక్కి ఆపే రకం), వెనుక చక్రాలకు డ్రమ్ము బ్రేకులు (తిరిగే డ్రమ్ముకు లోపలి నుంచి షూలు ఆని ఆపే రకం). ఇప్పటికి 42,000 కిలోమీటర్లు తిరిగింది. అందులో ఎక్కువ భాగం మియాపూర్ నుంచి గచ్చిబౌలికి ఆఫీసు ప్రయాణమే కాబట్టి బ్రేకుకు పని ఎంత పడుతుందో ఆ దారి తెలిసినవారికి వేరే చెప్పనక్కరలేదు. మొన్న సర్వీసుకు ఇచ్చినప్పుడు అక్కడి అడ్వైజరు బ్రేకుల పని మొత్తం చేయించుకోవాలని చెప్పి ఒక అంచనా చేతికిచ్చారు: ముందు ప్యాడ్ల సెట్టు రూ.2,400, రెండు డిస్కులు రూ.5,800, వెనుక బ్రేక్ షూలు రూ.2,100, బ్రేక్ ఆయిల్ మార్పు రూ.1,100, బ్రేక్ క్లీనింగుతో కలిపి కూలి రూ.2,600, మొత్తం రూ.14,000. ప్యాడ్ల మందం ఎంత మిగిలిందని అడిగితే, "సగానికి పైగా అరిగిపోయాయి సార్, 40,000 దాటితే మార్చేయడమే మంచిది" అన్నారే గానీ కొలత చెప్పలేదు. ప్రస్తుతానికి పని ఆపించి బండి తెచ్చుకున్నాను.

నేను గమనించిన లక్షణాలు రెండే. ఔటర్ రింగ్ రోడ్డు మీద 80 దాటిన వేగంలో బ్రేకు వేస్తే స్టీరింగు కొద్దిగా వణుకుతుంది. బ్రేకు వేయనప్పుడు ఆ వణుకు ఉండదు. రెండవది, కిందటిసారి తిరుమల నుంచి దిగేటప్పుడు చివరి మలుపుల దగ్గర కాలిన వాసన వచ్చి, పెడల్ మామూలు కంటే లోతుకు వెళ్ళింది. కింద కాసేపు ఆగిన తరువాత మళ్ళీ యథాస్థితికి వచ్చింది. వచ్చే నెల అమ్మానాన్నలను, పిల్లలను తీసుకుని మళ్ళీ తిరుమల వెళ్ళాల్సి ఉంది. అసలు ప్యాడ్లు ఎన్ని కిలోమీటర్లు రావాలి, డిస్కులు కూడా మార్చాల్సిందేనా, ప్యాడ్లు బయట కొని వేయించుకుంటే నష్టమేమైనా ఉందా అన్నది అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

ఆటోనగర్_మెకానిక్:

మియాపూర్ వాసి గారూ, విజయవాడ ఆటోనగర్‌లో చాలా ఏళ్ళుగా కార్ల బ్రేకులు, సస్పెన్షన్ పనే చేస్తున్నాను. మీకు ఇచ్చిన అంచనాలో ఉండాల్సినదీ, లేనిదీ ఒకటే: కొలత.

ప్యాడ్లు ఇన్ని కిలోమీటర్లు వస్తాయని ఎవరు చెప్పినా అది సగటు మాటే. చిన్న కార్ల ముందు ప్యాడ్లు మామూలుగా 30,000 నుంచి 60,000 కిలోమీటర్ల దాకా వస్తాయి. హైవే మీదే తిరిగే బండికి అంతకన్నా ఎక్కువ రావడం, సిగ్నలు సిగ్నలుకూ ఆగే బండికి 25,000కే అయిపోవడం రెండూ చూశాను. అందుకని బండి మీటరు చూసి ప్యాడ్లు మార్చడంలో అర్థం లేదు, చక్రం విప్పి ప్యాడు చూడాలి. కొత్త ప్యాడులో ఇనుప పలకను వదిలేసి, రాపిడికి పనికివచ్చే పదార్థం సుమారు 10 మిల్లీమీటర్లు ఉంటుంది. అది 3 మిల్లీమీటర్లకు వచ్చిందంటే మార్చేయాలి. చాలా ప్యాడ్లకు చిన్న ఇనుప నాలుక ఒకటి ఉండి, పదార్థం బాగా అరిగినప్పుడు అది డిస్కుకు తగిలి కీచుమని అరుస్తుంది. అయితే మీ బండి అరవడం లేదు కదా అని ధైర్యంగా ఉండకండి, ఎందుకంటే ఆ నాలుక చాలా రకాలలో రెండు ప్యాడ్లలో ఒకదానికే ఉంటుంది.

ఇక్కడే అసలు సంగతి ఒకటి ఉంది. చక్రం సందుల్లోంచి టార్చి వేసి చూస్తే బయటి ప్యాడు మాత్రమే కనబడుతుంది. చాలా సర్వీసుల్లో తనిఖీ అంటే అంతే. మన చిన్న కార్లలో కాలిపర్, అంటే ప్యాడ్లను పట్టుకుని డిస్కుకు నొక్కే భాగం, తేలే రకం: పిస్టను ఒకవైపే ఉండి లోపలి ప్యాడును నొక్కుతుంది, కాలిపర్ రెండు స్లైడ్ పిన్ల మీద జరిగి బయటి ప్యాడును లాగి డిస్కుకు ఆనిస్తుంది. ఆ పిన్ల రబ్బరు బూటు చిరిగి నీరు, దుమ్ము చేరితే, లేదా వాటికి పెట్టిన గ్రీజు ఎండిపోతే కాలిపర్ సరిగా జరగదు. బ్రేకు వదిలిన తరువాత కూడా లోపలి ప్యాడు డిస్కును రాసుకుంటూనే ఉంటుంది. బయటి ప్యాడు సగం ఉండగానే లోపలిది ఇనుము తేలిపోయిన బండ్లు మా దగ్గరికి వస్తూనే ఉంటాయి. అలాంటి బండికి పిన్లు సరిచేయకుండా కొత్త ప్యాడ్లు వేస్తే అవి కూడా ఏడాది తిరగకుండానే పోతాయి. కాబట్టి నాలుగు ప్యాడ్ల మందమూ వేరువేరుగా కొలిపించండి. ఆ నాలుగు అంకెల్లోనే మీ బండి రోగమంతా ఉంటుంది.

డిస్కుల విషయానికి వస్తే, ప్రతి డిస్కు మీద అంచు దగ్గరో మధ్య భాగంలోనో కనీస మందం ఎంతో పోతపోసి ఉంటుంది. మామూలుగా అది కొత్త మందం కంటే 2 మిల్లీమీటర్లు తక్కువ. అంచున పేరుకున్న గట్టును వదిలేసి, లోపల రాపిడి తగిలే చోట మైక్రోమీటరుతో కొలవాలి. ఆ అంకె కనీసం కంటే పైన ఉండి, పగుళ్ళు, లోతైన గాడులు లేకపోతే డిస్కు మార్చనవసరం లేదు. మీ స్టీరింగు వణుకు బ్రేకు వేసినప్పుడే వస్తోంది కనుక అది ముందు డిస్కుల వ్యవహారమే. బ్రేకు వేయకుండా కూడా వణికితే వీల్ బ్యాలెన్సింగు చూడమనేవాడిని. ఇటువంటి వణుకుకు "డిస్కు వంగింది" అని చెప్పడం మా వృత్తిలో అలవాటు. నిజానికి చాలాసార్లు డిస్కు వంగదు. చుట్టూ మందంలో ఒక మిల్లీమీటరులో నూరోవంతులు రెండు మూడు తేడా వచ్చినా పాదానికి, చేతికి తెలుస్తుంది. హబ్బు (డిస్కు, చక్రం బిగించే మధ్య భాగం) మీద తుప్పు శుభ్రం చేయకుండా డిస్కు బిగించినా, చక్రం నట్లను గాలి గన్నుతో ఎలాబడితే అలా బిగించినా కాలక్రమంలో ఈ తేడా వస్తుంది. డిస్కులో మందం తగినంత ఉంటే లేత్ పట్టిస్తే, అంటే మిషను మీద పైపొర చెక్కించి సమం చేయిస్తే సరిపోతుంది, అయితే పట్టించిన తరువాత కూడా కనీస మందం కంటే పైనే ఉండాలి.

వెనుక షూల మీద నాకు అనుమానం. బ్రేకు వేయగానే బరువు ముందుకు వాలుతుంది కాబట్టి పనిలో మూడింట రెండు వంతులకు పైగా ముందు చక్రాలే చేస్తాయి. వెనుక షూలు 42,000కే అయిపోవడం అరుదు. డ్రమ్ము విప్పి చూపించమనండి. హ్యాండ్ బ్రేకు పూర్తిగా దించకుండా నడిపే అలవాటు ఉన్న బండ్ల సంగతి వేరు.

అలిపిరి_ఫిజిక్సు:

నేను తిరుపతిలో ఇంటర్మీడియట్ విద్యార్థులకు భౌతికశాస్త్రం చెబుతాను. పెడల్ లోతుకు వెళ్ళిందన్న మాట మీద ఇంతవరకు ఎవరూ దృష్టి పెట్టలేదు. వణుకు కన్నా నాకు అదే ముఖ్యంగా తోస్తోంది.

తిరుమల సముద్రమట్టానికి సుమారు 850 మీటర్ల ఎత్తున ఉంది, తిరుపతి సుమారు 150 మీటర్ల ఎత్తున. అంటే దిగే ఘాట్ రోడ్డులో 19 కిలోమీటర్ల దూరంలో 700 మీటర్ల ఎత్తు కరిగిపోవాలి. ఐదుగురు మనుషులు, సామానుతో మీ కారు 1,250 కిలోలు అనుకుంటే ఆ ఎత్తులో దాగిన శక్తి దాదాపు 86 లక్షల జౌళ్ళు. అదే కారును 100 కిలోమీటర్ల వేగం నుంచి ఒక్కసారి పూర్తిగా ఆపితే బ్రేకుల్లో వేడిగా మారేది సుమారు 4.8 లక్షల జౌళ్ళు. కాబట్టి కొండ దిగడమంటే నూరు వేగం నుంచి పద్దెనిమిది సార్లు ఆపినంత శక్తిని ఎక్కడో ఒకచోట వదిలించుకోవడం. టైర్ల రాపిడి, గాలి కొంత తీసుకుంటాయి. మిగిలినదాన్ని ఇంజను తీసుకోవాలి, లేదా బ్రేకులు తీసుకోవాలి. న్యూట్రల్లోనో నాలుగో గేరులోనో దిగేవారు ఆ భారమంతా బ్రేకుల మీదే వేస్తున్నారు.

ఆ వేడికి రెండు రకాల నష్టం జరుగుతుంది. ప్యాడులోని బంధక పదార్థం అతిగా వేడెక్కితే వాయువులు వెలువడి, రాపిడి తగ్గుతుంది. అప్పుడు పెడల్ గట్టిగానే ఉంటుంది గానీ ఎంత తొక్కినా బండి ఆగదు. రెండవది బ్రేక్ ఆయిల్ మరగడం. ద్రవాన్ని నొక్కితే కుదించుకుపోదు, ఆవిరి కుదించుకుపోతుంది; అందువల్ల గొట్టాల్లో ఆవిరి బుడగ పుడితే పెడల్ మెత్తబడి లోతుకు పోతుంది, చల్లారితే ఆవిరి మళ్ళీ ద్రవమై పెడల్ బాగవుతుంది. మీరు వర్ణించినది అచ్చంగా రెండో రకం.

బ్రేక్ ఆయిల్‌కు గాలిలోని తేమను పీల్చుకునే గుణం ఉంది. డాట్ 3 రకానికి కొత్తగా ఉన్నప్పుడు మరిగే స్థానం కనీసం 205 డిగ్రీలు ఉండాలి. 3.7 శాతం నీరు కలిసిన స్థితిలో ఆ కనీస ప్రమాణం 140 డిగ్రీలే. డాట్ 4కు ఇవే అంకెలు 230, 155. రంగు మారినా మారకపోయినా రెండేళ్ళకొకసారి ఆయిల్ మార్చమని చాలా కంపెనీలు చెప్పేది ఇందుకే. మీ బండిలో చివరిసారి ఎప్పుడు మార్చారో రాయగలరా? ఆ రూ.14,000 అంచనాలో ఒక్కటే చేయించాలంటే నేను రూ.1,100 పనిని ఎంచుకుంటాను.

ఇక దిగే పద్ధతి. ఎక్కడానికి ఏ గేరు అవసరమవుతుందో దిగడానికీ అదే గేరు, అంటే ఆ రోడ్డులో ఎక్కువ భాగం రెండు, అక్కడక్కడ మూడు. పెడల్ మీద కాలు ఆనించి ఉంచకుండా, వేగం పెరిగినప్పుడు కాస్త గట్టిగా తొక్కి తగ్గించి, పూర్తిగా వదిలేయాలి. ఆ విరామంలోనే డిస్కుకు గాలి తగులుతుంది. కింద ఆగినప్పుడు వేడి డిస్కును ప్యాడ్లతో బిగించి పట్టి ఉంచకూడదు. అలా పట్టి ఉంచినచోట ప్యాడు పదార్థం డిస్కుకు అంటుకుంటుంది. మీ స్టీరింగు వణుకు తిరుమల యాత్ర తరువాతే మొదలైతే, మెకానిక్ గారు చెప్పిన కారణాలకు దీన్ని కూడా చేర్చుకోవచ్చు.

కూకట్‌పల్లి_సెడాన్:

పెద్దవాళ్ళను, పిల్లలను ఎక్కించుకుని ఘాట్ రోడ్డు దిగబోతూ మిల్లీమీటర్లు లెక్కపెట్టడం నాకు విచిత్రంగా ఉంది. పద్నాలుగు వేలు ప్రాణం కంటే ఎక్కువా? చెప్పినవన్నీ మార్పించి నిశ్చింతగా వెళ్ళిరండి.

ఆటోనగర్_మెకానిక్:

సెడాన్ గారూ, మీ ఉద్దేశం మంచిదే, కానీ అన్నీ కొత్తవి వేస్తే బ్రేకు మెరుగవుతుందన్నది అన్నివేళలా నిజం కాదు. కొత్త ప్యాడు కొత్త డిస్కు మీద పూర్తి ఉపరితలంతో ఆనదు. రెండింటికీ పొత్తు కుదరడానికి కొంత దూరం తిరగాలి. ప్రయాణానికి ముందురోజు ప్యాడ్లు మార్పించి మర్నాడు కొండ దిగినవారికి ప్యాడు పైపొర కాలి గాజులా నున్నబడిపోవడం నేను చూశాను. మార్చాల్సి వస్తే రెండు మూడు వారాల ముందే మార్పించాలి. పైగా, పిన్లు పట్టేసి ఉంటే పద్నాలుగు వేలు పోసినా ఆ లోపం అలాగే మిగిలిపోతుంది. అంచనాలో పిన్ల మాటే లేదు చూడండి.

పుత్లీబౌలి_స్పేర్స్:

ధరల గురించి అడిగారు కాబట్టి నాకు తెలిసినది చెబుతాను. మాది విడిభాగాల దుకాణం. చిన్న హ్యాచ్‌బ్యాక్‌కు ముందు ప్యాడ్ల సెట్టు, అంటే రెండు చక్రాలకు నాలుగు ప్యాడ్లు, కార్ల కంపెనీ సొంత డబ్బాలో రూ.1,800 నుంచి రూ.2,800 మధ్య దొరుకుతుంది. బ్రేకుల తయారీదారులు నేరుగా అమ్మే డబ్బాలో రూ.1,200 నుంచి మొదలవుతుంది. చెన్నై కంపెనీలైన బ్రేక్స్ ఇండియా, రానే, ఇంకా బాష్ వంటి పేర్లు నమ్మదగినవి. ఇటువంటి తయారీదారులే కార్ల కంపెనీలకు కూడా సరుకు ఇస్తుంటారు. మీకు చెప్పిన రూ.2,400 మరీ అన్యాయమైన ధర కాదు. కూలిలో మాత్రం క్లీనింగు పేరిట ఎంత కలిపారో విడదీయించండి, ఎందుకంటే ముందు ప్యాడ్లు మార్చడానికి బయట రూ.400 నుంచి రూ.800 దాకానే తీసుకుంటారు. ఇంకొక మాట: 2025 సెప్టెంబరు 22 నుంచి వాహన విడిభాగాల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. పాత ముద్రిత ధర ఉన్న డబ్బా చేతికొస్తే బిల్లులో పన్ను శాతం ఒకసారి చూసుకోండి.

ప్యాడు వెనుక పలక మీద గానీ పక్క అంచున గానీ తయారీ అంకెల చివర రెండు ఇంగ్లీషు అక్షరాలు ఉంటాయి. మొదటిది మామూలు వేడిలో రాపిడి ఎంతో, రెండవది బాగా వేడెక్కాక ఎంతో చెబుతుంది. ఇ అంటే రాపిడి గుణకం 0.25 నుంచి 0.35, ఎఫ్ అంటే 0.35 నుంచి 0.45, జి అంటే 0.45 నుంచి 0.55. ఎఫ్ఎఫ్ ఉన్న ప్యాడు వేడెక్కినా పట్టు వదలదని అర్థం, ఎఫ్ఇ అయితే ఘాట్ రోడ్డులో వేడెక్కాక పట్టు తగ్గుతుందని ముందే చెప్పుకున్నట్టు. అక్షరాలు అసలే లేని ప్యాడును, ఎంత చవకగా ఇచ్చినా, తీసుకోవద్దు. పేరున్న కంపెనీల డబ్బాలకు నకళ్ళు వస్తున్నాయి కాబట్టి బిల్లు లేకుండా కొనవద్దు. మెటల్ ఎక్కువ కలిపిన ప్యాడ్లు వేడికి బాగా తట్టుకుంటాయి గానీ డిస్కును త్వరగా అరగదీస్తాయి, చప్పుడూ చేస్తాయి. మీ వాడకానికి కంపెనీ ఇచ్చిన రకమే చాలు.

ఆటోమేటిక్_గుంటూరు:

ఆటోమేటిక్ బండ్లవారికి ఒక్క మాట. ఏఎంటీ గానీ సీవీటీ గానీ (రెండూ ఆటోమేటిక్ గేర్ల రకాలే) మామూలు డ్రైవ్ స్థానమైన డి లోనే వదిలేసి కొండ దిగితే ఇంజను పట్టు చాలా తక్కువగా ఉంటుంది. మాన్యువల్ స్థానం లేదా ఎల్ (తక్కువ గేరు స్థానం) అందుకే ఉంది. నగరంలో కూడా మా ప్యాడ్లు మాన్యువల్ బండ్ల కంటే ముందే అరుగుతాయి.

మియాపూర్_వాసి:

అందరికీ ధన్యవాదాలు. మా వీధి మెకానిక్ దగ్గర ముందు చక్రాలు, ఒక వెనుక డ్రమ్ము విప్పించి దగ్గరుండి కొలిపించాను. ఎడమ చక్రంలో బయటి ప్యాడు 6 మిల్లీమీటర్లు, లోపలిది 5.5. కుడి చక్రంలో బయటిది 6, లోపలిది 3.5 మాత్రమే. కుడి కాలిపర్ కింది పిన్ను చేత్తో లాగితే కదలలేదు, బూటు చిరిగి లోపల తుప్పు పట్టింది. డిస్కులు రెండూ 19.2 ఉన్నాయి, కనీస మందం 18 అని డిస్కు మీదే ఉంది. వెనుక షూలు బాగున్నాయన్నారు. సర్వీసు రికార్డుల్లో బ్రేక్ ఆయిల్ మార్చినట్టు ఎక్కడా లేదు, అంటే కొన్నప్పటి ఆయిలే. కుడివైపు లోపలి ప్యాడు ఒక్కటీ మార్చుకుంటే సరిపోతుందా, ఆ ఒక్కదానికోసం నాలుగూ మార్చాలా?

ఆటోనగర్_మెకానిక్:

నాలుగూ మార్చాలి. ఒక ఇరుసు మీద రెండు చక్రాల ప్యాడ్లూ ఒకే రకం, ఒకే వయసు ఉండకపోతే గట్టిగా బ్రేకు వేసినప్పుడు బండి ఒక పక్కకు లాగుతుంది. సర్వీసువారు ప్యాడ్లు మార్చమనడం ఫలితంలో సరైనదే, వారు చెప్పిన కారణం మాత్రం సరైనది కాదు. లెక్క వేసి చూడండి. ఎడమ లోపలి ప్యాడు 42,000 కిలోమీటర్లలో 4.5 మిల్లీమీటర్లు అరిగింది, అంటే ఒక్కో మిల్లీమీటరు 9,300 కిలోమీటర్లు వచ్చింది. అది 3 మిల్లీమీటర్లకు చేరడానికి ఇంకా 23,000 కిలోమీటర్లు పట్టేది. కుడి లోపలిది 6.5 అరిగింది, దానికి మిగిలినది 3,000 కిలోమీటర్ల చిల్లర. చిరిగిన రబ్బరు బూటు ఒక్కటి మీ ప్యాడ్ల సెట్టు నుంచి 20,000 కిలోమీటర్లు తినేసింది.

ఇప్పుడు చేయించాల్సినవి: ప్యాడ్ల సెట్టు, రెండు కాలిపర్లకూ బూట్ల కిట్టు, తుప్పు పట్టిన పిన్ను మార్పు, మిగతా పిన్లు శుభ్రం చేసి బ్రేకులకు వాడే సిలికోన్ గ్రీజు పెట్టడం. మామూలు గ్రీజు పెడితే రబ్బరు ఉబ్బి మళ్ళీ పట్టేస్తుంది. డిస్కులకు 1.2 మిల్లీమీటర్ల అవకాశం ఉంది కాబట్టి హబ్బు తుప్పు గీకి, తేలికగా లేత్ పట్టించండి, కొత్తవి వద్దు. ఆయిల్ నాలుగు చక్రాల దగ్గరా పాతది పూర్తిగా పోయేదాకా తీయించాలి, బానెట్ కింద ఉండే బ్రేక్ ఆయిల్ డబ్బాలో పైపైన తీసి పోయడం మార్పు కాదు. డాట్ 3, 4లలో ఏది పోయాలో ఆ డబ్బా మూత మీదే రాసి ఉంటుంది. ప్యాడ్లు అరిగేకొద్దీ ఆయిల్ మట్టం తగ్గుతుంది. దాన్ని చూసి ఎవరైనా మధ్యలో నింపి ఉంటే, కొత్త ప్యాడ్ల కోసం పిస్టన్లను వెనక్కి నెట్టినప్పుడు పొంగి పెయింటు మీద పడుతుంది, పెయింటు లేచిపోతుంది. ముందే కొంత తీసేయమని చెప్పండి.

విడిభాగాలు, లేత్, కూలి అన్నీ కలిపి మీకు రూ.6,000 లోపే కావాలి. పని అయ్యాక ఖాళీ రోడ్డు మీద, వెనుక బండ్లు లేకుండా చూసుకుని, 60 వేగం నుంచి 10 దాకా నెమ్మదిగా తగ్గించడం పది సార్లు చేయండి, మధ్యలో పూర్తిగా ఆపకుండా, ప్రతిసారికీ చల్లారడానికి కొంత దూరం వదిలి. తరువాత 300 కిలోమీటర్ల వరకు గట్టిగా తొక్కే అవసరం రాకుండా నడపండి.

మియాపూర్_వాసి:

ఈ శనివారమే చేయిస్తున్నాను. పుత్లీబౌలిలో ఎఫ్ఎఫ్ అక్షరాలున్న సెట్టు బిల్లుతో రూ.1,950కి తీసుకున్నాను. లేత్ పట్టించాక డిస్కు మందం ఎంత మిగిలిందో, తిరుమల నుంచి దిగేటప్పుడు పెడల్ ఎలా ఉందో వచ్చాక ఇక్కడే రాస్తాను.

అలిపిరి_ఫిజిక్సు:

తప్పకుండా రాయండి. దిగే దారిలో కనీస ప్రయాణ సమయం కూడా పరిశీలిస్తారు కనుక తొందరపడి ప్రయోజనం లేదు, రెండో గేరు చాలు. ఎక్కడైనా కాలిన వాసన వస్తే పక్కన స్థలమున్న చోట బండి ఆపి, గేరులో పెట్టి, హ్యాండ్ బ్రేకు వేయకుండా చక్రం కింద రాయి పెట్టి అరగంట చల్లారనివ్వండి. చక్రాల మీద నీళ్ళు మాత్రం పోయకండి, డిస్కు పగులుతుంది.